ఈశాన్యం లేని ఫోటో

ఆ ఆదివారం ఉదయం జోగారావు చేయవలసిన పని ఒక్కటే. యాప్రాల్‌లోని తమ ఇంట్లో ఇడ్లీ తిని, మెట్టుగూడ వెళ్ళి, అక్కడ ఖాళీగా పడి ఉన్న తమ రెండో ఫ్లాటుకు నాలుగు ఫోటోలు తీసి, భోజనం వేళకు తిరిగి రావాలి. పాడు చేయడానికి కూడా వీలులేనంత చిన్న పని అది. కానీ జోగారావు ఈ మధ్య ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నాడు.

"హాలు ఒకటి, వంటిల్లు ఒకటి, రెండు పడగ్గదులు," అంటూ జగదాంబ వేళ్ళు మడిచింది. "దేవుడి గూడు మాత్రం మర్చిపోకండి. ఈశాన్యం మూల అంత చక్కటి గూడున్న ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఆ ఒక్క ఫోటో చాలు, ఇల్లు అద్దెకి పోతుంది."

"అలాగేలే."

"అలాగేలే కాదు. ఒకటో తారీఖుకి ఎవరూ దిగకపోతే మీ కెమెరా మా సత్యదేవ్‌కి ఇచ్చేస్తాను. వాడు పెళ్ళిళ్ళకి వాడుకుంటాడు."

జోగారావు తుంచిన ఇడ్లీ ముక్కను పళ్ళెంలోనే పెట్టేశాడు. సత్యదేవ్ ఆయన బావమరిది. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ తామరపువ్వులో కూర్చోబెట్టి ఆల్బమ్ చేసే రకం. ఒకసారి ఒక జంటను కాఫీ కప్పులో ముంచాడు. అలాంటివాడి చేతికి తన కెమెరా వెళ్ళడమంటే, పెంచుకున్న చిలకను పిల్లికి దత్తత ఇవ్వడమే.

ఆ కెమెరా ఆయనకు ఊరికే ప్రాణం కాలేదు. కాకినాడ నుంచి వచ్చి ఇన్సూరెన్సు ఆఫీసులో చేరింది మొదలు రిటైరయ్యేదాకా ఆయన చూసినవన్నీ క్లెయిము ఫోటోలే. నొక్కుకుపోయిన బంపరు ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి. వాటిలో దాపరికం లేదు, అందమూ లేదు. రిటైరయ్యాక తిరుమలగిరిలో ఐజాక్ గారు శనివారం సాయంత్రాలు నడిపే ఫోటో క్లాసులో చేరితే, మొదటి రోజే ఆయన అన్న మాట విని జోగారావు కళ్ళు తెరుచుకున్నాయి.

"అంతా చూపిస్తే అది పాస్‌పోర్టు ఫోటో అండీ. సగం దాచండి. మిగతా సగం చూసేవాడే కట్టుకుంటాడు. ఇంకో సంగతి. మీకు అన్నిటికన్నా నచ్చింది ఏదో, ముందు దాన్నే ఫ్రేములోంచి తీసెయ్యండి. ఫ్రేములో లేనిది ఫోటో అంతటా ఉంటుంది."

ఈ మాటను జోగారావు తాళం చెవిలా జేబులో వేసుకుని మెట్టుగూడ ఫ్లాటు తలుపు తీశాడు.

పాత అద్దెవాళ్ళు వెళ్ళి పది రోజులైంది. వాళ్ళు వెళ్ళడానికి కారణం సరిగ్గా వాళ్ళ నెత్తి మీదే ఉండేది. పై ఫ్లాటులో ఉండే రజిత ఇడ్లీ పిండి వ్యాపారం చేస్తుంది. తెల్లవారకముందే ఆమె గ్రైండర్లు మొదలవుతాయి. ఆ మోత గోడల్లోంచి దిగి, మంచం కాళ్ళలోకి పాకి, పడుకున్నవాళ్ళ పళ్ళు కదిలించేది. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేద్దామంటే సెక్రటరీ కూడా రజితే. పాపం వాళ్ళు ఒక ఏడాది ఓపిక పట్టి, చివరికి మంచాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం కాబట్టి గ్రైండర్లు ఆ పాటికి పని ముగించి నిద్రపోతున్నాయి. ఇల్లంతా ప్రశాంతంగా, ఎండ పట్టీలు పట్టీలుగా ఉంది. జోగారావు కళాకారుడైపోయాడు. వెనక పడగ్గది తలుపు సగం వేసి, ఆ సందులోంచి నేల మీద పడిన వెలుతురు గీత తీశాడు. వంటింటి గట్టు మీద ఎవరో మరిచిపోయిన గాజుగ్లాసును బోర్లించి, దాని నీడ తీశాడు. హాల్లో క్యాలెండరు ఉండిన చోట మిగిలిన మేకునీ, దాని కింద తెల్లగా ఉండిపోయిన చదరాన్నీ తీశాడు. బాల్కనీ గ్రిల్లు నీడ తీశాడు.

ఆఖరికి ఈశాన్యం మూలకు వచ్చాడు. పసుపు రాసిన గూడు, అంచున దీపం మసి, లోపల ఎండిన బంతిరేకు ఒకటి. ఇంట్లో ఆయనకు అన్నిటికన్నా నచ్చింది అదే. కెమెరా ఎత్తాడు. ఐజాక్ గారి మాట గుర్తొచ్చింది. కెమెరా దించాడు.

వాచ్‌మన్ వీరయ్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "గా తలుపు సగమే ఉంచినవేంది సార్?"

"అది అలాగే ఉండాలి వీరయ్యా. రేపు ఇదే వెలుతురులో మళ్ళీ తీస్తాను. అందాకా ఎవరూ కదపకూడదు. తాళంచెవి నీ దగ్గరే ఉంచు, లోపలికి ఎవర్నీ పంపకు."

"గట్లెందుకు సార్? లోపటేమన్న ఉన్నదా?"

జోగారావు చిన్నగా నవ్వాడు. "చెప్తే దాని బలం పోతుంది."

వీరయ్య సగం తెరిచిన తలుపు వైపు చూశాడు. సారు వైపు చూశాడు. తర్వాత తలుపుకు వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్లు దిగాడు.

ఇంటికి వచ్చాక జోగారావు నాలుగు ఫోటోలనూ కాకినాడ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సికింద్రాబాదులో స్థిరపడిన ఆ ఊరివాళ్ళంతా అందులో ఉంటారు. ఇల్లు కావలసినవాళ్ళు, పనిమనిషి కావలసినవాళ్ళు, పనస పొట్టు కావలసినవాళ్ళు అక్కడే అడుగుతారు. ఫోటోల కింద ఆయన ఇలా రాశాడు: 'మెట్టుగూడలో ఒక ఇల్లు. కొంత చూపిస్తున్నాను. మిగతాది మీరు వస్తేనే.' ఏ ముఖమో, ఎన్ని గదులో, నీళ్ళు ఎప్పుడొస్తాయో రాస్తే రహస్యం చెడుతుందని రాయలేదు.

కాసేపటికి ఫోను మోగింది. కాంతమణి అనే ఆవిడ. భర్తకు బదిలీ అయి ఇల్లు వెతుక్కుంటున్నారట.

"అన్నయ్యగారూ, ఫోటోలు చూశామండీ. పొద్దున తీసినవే కదా? మావారు నీడల్ని బట్టి దిక్కులు లెక్కకట్టారు. వంటిల్లు ఆగ్నేయం, దివ్యంగా ఉంది. నైరుతి కనిపించింది, వాయవ్యం కనిపించింది. ఈశాన్యం ఏదండీ?"

జోగారావు గుండె పొంగింది. తను వదిలేసినదాన్ని తొలిసారే ఒకరు పట్టుకున్నారు! "కనిపెట్టేశారా! అబ్బ, కన్నంటే మీదమ్మా. ఈశాన్యం నేను కావాలనే వదిలేశాను."

"కావాలనే?"

"అవునమ్మా. ఇంట్లో ఉన్న అసలు సంగతంతా ఆ మూలే ఉంది. అందుకే చూపించలేదు."

కాంతమణి గొంతు తగ్గించింది.

"ఏం సంగతండీ?"

"అది మీ ఊహకే వదిలేస్తున్నాను."

కాంతమణి ఊహ గట్టిదే. సాయంత్రానికి గ్రూపులో మెసేజి వచ్చింది: 'మెట్టుగూడ ఇంటికి ఈశాన్యం తెగిందట. యజమానే ఒప్పుకున్నారు.' ఆ వెనకే మరొకరు: 'గోడ మీద ఆ తెల్లటి చదరం ఏమిటి? ఎవరి ఫోటో తీసేశారు? దండ వేసిన ఫోటోయేనా?' ఇంకొకరు: 'గ్లాసు ఎందుకు బోర్లిస్తారో మా మేనత్తకు తెలుసు. రాత్రి పూట చెప్పనంటోంది.' తలుపు గురించి ఎవరూ ఏమీ రాయలేదు. దాన్ని గుండ్రంగా ఎర్రగీత చుట్టి ఊరికే మళ్ళీ పెట్టారు.

జోగారావుకు ఇవన్నీ విమర్శకుల ప్రశంసల్లా కనిపించాయి. నలుగురు ఇంతసేపు చూసిన ఫోటో ఆయన జన్మలో తీయలేదు. హాయిగా నిద్రపోయాడు.

సోమవారం ఉదయం అదే వెలుతురు కోసం వెళ్ళేసరికి, ఫ్లాటు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దాని పక్కన నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు. లోపల వెనక గది గడప మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉప్పు గీత. ఇల్లంతా సాంబ్రాణి పొగ.

"ఇదేమిటి వీరయ్యా?"

"మా ఇంటామె కమలాబాయి కట్టింది సార్. మీరు చెప్పకున్నా మాకు సమజైంది."

"ఏం సమజైంది?"

"గదే సార్. చెప్తే బలం పోతదంటిరి గద, అందుకే నేను సుత చెప్తలేను." వీరయ్య గొంతు తగ్గించాడు. "నిన్న మాపటికి ఒకమ్మ, సారు వచ్చిండ్రు ఇల్లు చూస్తమని. నేను పోనియ్యలే. 'తలుపు కదిలితే ఆయన ఊకోడమ్మా' అని చెప్పిన."

"ఎవరు ఊరుకోరని చెప్పావు?"

"మీరే సార్. ఆల్లు మటుకు ఇంకెవలో అనుకున్నట్టున్నరు. మెట్ల మీద జెర ఉరికిండ్రు."

జోగారావు ఉప్పు గీత దాటబోతుంటే పై నుంచి రజిత దిగి వచ్చింది. చేతికి పిండి అలాగే ఉంది.

"ఏందంకుల్ గిది? పొద్దుగాల్నుంచి పరేషాన్ అయితున్న. పిండికి వచ్చేటోళ్ళు గేటు కాడ్నే ఆగి 'గిదేనా ఆ ఇల్లు' అని అడుగుతున్నరు. ఒకామె డబ్బా ఇచ్చి, కిందికి తెచ్చియ్యుమన్నది. బిల్డింగ్ పేరు ఖరాబైతున్నది. అసలు మీ ఇంట్ల ఏమున్నదో చెప్పుండ్రి."

"ఏమీ లేదు తల్లీ."

"ఏమీ లేకుంటే నిమ్మకాయ ఎందుకు?"

"అది వీరయ్య వాళ్ళు కట్టారు."

"మీరు చెప్పకుంటే మేమెందుకు కడ్తం సార్?" వీరయ్య నొచ్చుకున్నాడు. "గుమ్మడికాయ సుత నా పైసలే."

రజిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నేను సెక్రటరీని అంకుల్. ఇంతమందికి జవాబు చెప్పాలె. మంచిగ అన్నీ కనవడేటట్టు ఫోటోలు పెట్టుండ్రి. లేకుంటే మీటింగ్ పెడ్త."

నీ గ్రైండర్లు లేకపోతే ఈ ఇల్లు ఖాళీయే అయ్యేది కాదని జోగారావు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బిల్డింగులో దెయ్యం ఉందని పేరు తెచ్చినవాడు, మోత గురించి ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు? ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి జగదాంబ సోఫాలో కూర్చుని ఫోను చూస్తోంది. గ్రూపులో ఆవిడ కూడా ఉందన్న సంగతి జోగారావు మరిచిపోయాడు.

"గూడు ఫోటో ఏదండీ?" అంది. చాలా మెత్తగా అడిగింది. ఆవిడ అరిచినప్పుడు జోగారావుకు భయం ఉండదు.

"తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు?"

"అదే అన్నిటికన్నా బాగుంది కనక."

జగదాంబ ఈ జవాబును కొంతసేపు మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు నుంచి చూసినా అది అలాగే ఉంది. "సరే. మీరిక ఫోటోలు తియ్యొద్దు. నేను చూసుకుంటాను. బుధవారం మంచిరోజు. గుమ్మడికాయ తీయించి, ఇల్లు కడిగించి, అందరినీ పిలిచి పాలు పొంగిస్తాను. కళ్ళతో చూసుకుంటే అనుమానాలు అవే పోతాయి."

బుధవారం పది మందికి పైగానే వచ్చారు. ఇల్లు అద్దెకు కావలసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళు చూడడానికి వచ్చినవాళ్ళు. అందరూ హాల్లో ఒకరికొకరు ఆనుకుని, గోడలకు మాత్రం దూరంగా నిలబడ్డారు. వంటింట్లో కొత్త గిన్నెలో పాలు పొయ్యి మీద ఉన్నాయి.

"వదినగారూ," అంది కాంతమణి, "కొత్తగా దిగేవాళ్ళు కదా పాలు పొంగిస్తారు? ఈ ఇల్లు మీదై ఎన్నో ఏళ్ళయింది కదండీ. మళ్ళీ ఇప్పుడెందుకు?"

ఆ ప్రశ్న జగదాంబ ఊహించలేదు. హాల్లో తలలు నెమ్మదిగా ఊగాయి. ఎందుకు పొంగిస్తున్నారో అందరికీ అర్థమైపోయింది.

"అదంతా వదిలెయ్యండి. ఈశాన్యం అడిగారుగా, రండి, చూసుకోండి!" అని జగదాంబ వాళ్ళను గూడు దగ్గరకు తీసుకెళ్ళింది. "ఎక్కడ తెగింది? చూపించండి."

కాంతమణి భర్త దిక్సూచి తీసి పెట్టాడు. ముల్లు ఊగి ఆగింది. నిక్కచ్చిగా ఈశాన్యమే. పసుపు, మసి, గూడు, అన్నీ శాస్త్రం రాసినట్టే ఉన్నాయి. ఆయన ముఖం విచ్చుకుంది. జోగారావు ఊపిరి తీసుకున్నాడు. కెమెరా దక్కినట్టే.

"గూడు చాలా బాగుందండీ," అంది కాంతమణి. తర్వాత జోగారావు వైపు తిరిగింది. "మరి ఇంత మంచి గూడుని ఎందుకు దాచారు అన్నయ్యగారూ?"

హాలంతా ఆయన వైపు చూసింది.

జోగారావు నిజం చెప్పాడు. నిజాయితీపరులకు వచ్చే కష్టాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. "దాచితేనే దాని శక్తి తెలుస్తుందమ్మా. కంటికి కనిపించనిది ఇల్లంతా ఉంటుంది. నేను ఈ మూలను వదిలేశాను కనకనే మీరందరూ ఇప్పుడు ఇక్కడున్నారు. మిమ్మల్ని ఇక్కడికి రప్పించింది అదే."

సరిగ్గా ఆ సమయానికి బాల్కనీ వైపు నుంచి గాలి వీచి, వెనక గది తలుపు కీచుమంటూ తనంతట తనే పూర్తిగా మూసుకుంది.

ఎవరూ అరవలేదు. కాకినాడ వాళ్ళకు మర్యాద ఎక్కువ. "స్టౌ మీద పప్పు పెట్టి వచ్చానండీ," అని ఒకరు, "స్కూలు బస్సు వచ్చే టైమండీ," అని ఒకరు, గుమ్మం వైపు నెమ్మదిగా జరిగారు. గుమ్మం దాటాక నెమ్మది పోయింది. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని మెట్లు దిగారు. కాంతమణి భర్త దిక్సూచి గూట్లోనే మిగిలిపోయింది.

వంటింట్లో పాలు పొంగాయి. తూర్పు వైపుకే, కన్నులపండువగా పొంగాయి. చూడడానికి ఎవరూ లేరు.

జగదాంబ పొయ్యి కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోను తీసింది. "ఒరేయ్ సత్యా, ఆదివారం ఒకటో తారీఖు. పొద్దున్నే వచ్చి కెమెరా తీసుకెళ్ళు. ఆఁ, సంచీ కూడా తెచ్చుకో."

శనివారం జోగారావు ఆఖరిసారిగా క్లాసుకు వెళ్ళాడు. ఐజాక్ గారు అందరి ఫోటోలూ గోడ మీద తెరకు వేసి చూపిస్తున్నారు. సగం తెరిచిన తలుపు రాగానే చేతులు రెండూ పైకెత్తారు.

"చూడండి! ఏమీ లేదు, కానీ అంతా ఉంది! జోగారావు గారూ, ఆ తలుపు వెనక ఏముందో దయచేసి నాకు చెప్పకండి!"

"పన్నెండు బై పది పడగ్గది సార్," అన్నాడు జోగారావు నీరసంగా. "అటాచ్డ్ బాత్రూము. గోడకి అల్మారా ఉంది."

క్లాసులో నిట్టూర్పులు వినిపించాయి. ఐజాక్ గారు ముఖం చిట్లించారు గానీ, అందరూ వెళ్ళాక ఆయనే జోగారావు పక్కకు వచ్చారు.

"ఇందాక అల్మారా అన్నారు. చెక్కదా, సిమెంటుదా? ఇల్లు ఖాళీయేనా? మా ఓనరు ఇల్లు కూలగొట్టి కట్టుకుంటాడట. మాకు అర్జెంటు."

ఆదివారం ఉదయం ఐజాక్ గారు, ఆయన భార్య మార్త మెట్టుగూడ వచ్చారు. జగదాంబ కూడా వచ్చింది. జోగారావు కెమెరా మెడలో వేసుకునే వచ్చాడు, ఉన్నంతసేపు ఉంటుందని.

గురువుగారు ఇల్లు చూసిన తీరు చూసి శిష్యుడు నిర్ఘాంతపోయాడు. ప్రతి కుళాయీ తిప్పారు. ప్రతి స్విచ్చూ వేశారు. స్టూలెక్కి అటకలో టార్చి కొట్టారు. వెనక గది తలుపును గోడకు తగిలేదాకా తోసి, దాని వెనక్కి తల పెట్టి మరీ చూశారు.

"సార్," అన్నాడు జోగారావు ఉండబట్టలేక, "కొంత ఊహకు వదిలెయ్యాలన్నారు కదా?"

"ఫోటో వేరు, అద్దె వేరండీ. అడ్వాన్సు ఇచ్చేవాడికి అన్నీ కనబడాలి," అంటూ ఐజాక్ గారు గూట్లో ఉన్న దిక్సూచి చేతిలోకి తీసుకున్నారు. "మాకు పట్టింపు లేదు గానీ, మా అత్తగారు రోసమ్మ గారు మొదట అడిగేది ఇదే. ఈశాన్యంలో ఏముందీ అని."

మార్త గూడును వేలితో తాకి చూసింది. "ఈ మసి కడిగేస్తే బైబిలు పెట్టుకోడానికి బాగుంటుంది. అమ్మ కూడా ఏమీ అనదు. మనకి సరిపోతుందండీ."

ఐజాక్ గారు అడ్వాన్సు జగదాంబ చేతిలో పెట్టి, సాయంత్రమే సామాను తెచ్చేస్తామన్నారు. జగదాంబ బాల్కనీలోకి వెళ్ళింది. "ఒరేయ్ సత్యా, బయల్దేరావా? వద్దులే, వెనక్కి తిరుగు. ఆఁ, సంచీ నువ్వే ఉంచుకో."

జోగారావు చెయ్యి తనంతట తనే కెమెరా మీద పడింది. చిలక దక్కింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఐజాక్ గారు వెనక్కి తిరిగారు. "అన్నీ చూసేశాం కదా జోగారావు గారూ? మీరు చూపించనిది ఇంకేమైనా మిగిలిందా?"

మొదటిసారిగా ఒకరు సరైన ప్రశ్న అడిగారు. జోగారావు జగదాంబ వైపు చూశాడు. జగదాంబ ఒక్కసారి పైకప్పు వైపు చూసి, వెంటనే కళ్ళు దించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకోసాగింది. పై ఫ్లాటు ఆదివారపు ప్రశాంతతలో ఉంది.

"మీరు నేర్పినదేగా సార్," అన్నాడు జోగారావు వినయంగా.

ఐజాక్ గారు ముచ్చటపడి ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు.

సోమవారం తెల్లవారకముందే, ఫ్రేములో లేనిది ఫోటో అంతటా ఉంటుందన్న మాట ఎంత నిజమో ఐజాక్ గారి మంచం కాళ్ళకు తెలిసింది.